విన్నీ ద పూ వెనక ఉన్న అసలు ఎలుగు: ఆనవాళ్లు పట్టి పిల్లలకు చూపించే పద్ధతి

ఇంగ్లీషు పిల్లల కథల్లోని ఎలుగు విన్నీ ద పూ నిజంగా బతికిన ఎలుగుబంటేనా, ఒట్టి బొమ్మేనా అని పిల్లలు అడిగినప్పుడు పెద్దవాళ్లు రెండింట్లో ఏదో ఒకటి చెప్పేసి ముందుకు పోతారు. రెండూ సగం జవాబులే. ఆ పాత్రకు పేరు ఒక చోటి నుంచి వచ్చింది, ఒళ్లు మరో చోటి నుంచి, పుస్తకంలో మనం చూసే రూపం ఇంకో చోటి నుంచి. పేరు లండన్ జూలో బతికిన ఒక ఆడ ఎలుగుది. ఒళ్లు రచయిత ఎ.ఎ.మిల్న్ కొడుకు ఆడుకున్న టెడ్డీ బేర్‌ది. రూపం చిత్రకారుడు ఇ.హెచ్.షెపర్డ్ ఇంట్లో ఉన్న వేరే టెడ్డీది. ఈ మూడింటినీ కలిపేసి చెప్పడం వల్లే ఇంటర్నెట్ నిండా తప్పు కథలు తిరుగుతున్నాయి. విడదీసి చెప్తే అసలు సంగతి ఇంకా బాగుంటుంది, పిల్లలకు ఇట్టే పట్టుబడుతుంది కూడా.

స్కూల్లో ప్రాజెక్టు చేయించే టీచర్లు, పిల్లల లైబ్రరీ నడిపేవాళ్లు, పిల్లల పత్రికలకు రాసేవాళ్లు ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. మూడో తరగతి నుంచి ఏడో తరగతి దాకా పనికొస్తుంది.

చార్టు, చీటీలు

పెద్ద చార్టు పేపరు ఒకటి అడ్డంగా పరిచి నాలుగు నిలువు గడులు గీయండి. పైన వరుసగా ‘పేరు’, ‘ఒళ్లు’, ‘రూపం’, ‘చోటు’ అని రాయండి. మూడు రంగుల చీటీలు కావాలి. ఒక సంగతి జరిగిన రోజునే ఎవరైనా రాసిపెట్టి ఉంటే అది ఆకుపచ్చ చీటీ మీదకి వెళ్తుంది. డైరీ, జూ రికార్డు, తేదీ ఉన్న పత్రిక, పుస్తకం మొదటి ముద్రణ ఇలాంటివి. దగ్గరి మనుషులు ఏళ్ల తర్వాత గుర్తు చేసుకుని చెప్పింది పసుపు చీటీ. ఎవరు చెప్పారో తెలియకుండా చేతులు మారుతూ వచ్చింది తెల్ల చీటీ.

నియమం ఒక్కటే. పచ్చది గానీ పసుపుది గానీ తోడు లేకుండా తెల్ల చీటీని చార్టు మీద అంటించకూడదు. గోడకు పక్కన ఒక కవరు తగిలించి అందులో వేసి ఉంచండి. ఆనవాలు దొరికిన రోజున బయటికి తీయొచ్చు. పిల్లలకు ఈ కవరు మీదే ఎక్కువ ఆసక్తి కలుగుతుంది, కలగనివ్వండి.

మొదటి గడి ‘పేరు’: జంతువు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి, ఎందుకంటే సరుకంతా ఇక్కడే ఉంది.

హ్యారీ కోల్‌బోర్న్ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి, కెనడా వెళ్లి పశువైద్యం చదివి, విన్నిపెగ్‌లో స్థిరపడినవాడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే సైన్యంలో గుర్రాల వైద్యుడిగా చేరి, క్విబెక్‌లోని వల్కార్టియే శిబిరానికి రైలెక్కాడు. 1914 ఆగస్టు 24న దారిలో ఒక ఎలుగు పిల్లను 20 డాలర్లకు కొన్నాడు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. తన ఊరి పేరు మీద దానికి విన్నిపెగ్ అని పేరు పెట్టాడు. పిలుపులో అది విన్నీ అయింది.

ఇప్పుడు చీటీల పని చూడండి. ఆ రోజు డైరీలో కోల్‌బోర్న్ రాసుకున్నది మూడే మూడు ముక్కలు: పొద్దున ఏడింటికి పోర్ట్ ఆర్థర్‌లో బయలుదేరినట్టు, రోజంతా రైల్లోనే ఉన్నట్టు, 20 డాలర్లకు ఎలుగును కొన్నట్టు. తేదీ, ధర పచ్చ చీటీ మీదకి వెళ్తాయి. మరి కొన్న చోటు ఒంటారియోలోని వైట్ రివర్ స్టేషను అన్నది? తల్లి ఎలుగును చంపిన వేటగాడు పిల్లను అమ్మకానికి పెట్టాడన్నది? ఈ రెండూ ఆ మూడు ముక్కల్లో లేవు. కుటుంబం తర్వాత చెప్పినవి. పసుపు చీటీ మీద రాయండి. వైట్ రివర్ ఆ రైలు మార్గంలో ఇంజన్లు మార్చే పెద్ద స్టేషను కాబట్టి కుటుంబం చెప్పిన మాట మార్గానికి చక్కగా సరిపోతుంది. సరిపోవడం వేరు, రాసి ఉండటం వేరు అని పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. డైరీ పేజీ బొమ్మ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ప్రింటు తీసి పిల్లల చేతికిచ్చి, ఇందులో ఏముంది, ఏమి లేదు అని వాళ్లనే చెప్పమనండి. టొరంటోలోని ఒక విశ్వవిద్యాలయం, అప్పట్లో రైయర్సన్ అనే పేరుతో ఉన్నది, కోల్‌బోర్న్ డైరీలను, ఫోటోలను ప్రదర్శనకు పెట్టింది కూడా.

పిల్ల ఎలుగు వల్కార్టియేలో కొన్ని వారాలు ఉండి, అక్టోబరులో సైన్యంతో పాటు ఓడెక్కి ఇంగ్లండు చేరింది. సాలిస్‌బరీ మైదానంలోని శిబిరంలో సైనికుల మధ్య పెరిగింది. బ్రిగేడు ఫ్రాన్సుకు కదిలే వేళ దగ్గరపడటంతో 1914 డిసెంబరు 9న కోల్‌బోర్న్ దాన్ని లండన్ జూలో వదిలాడు. కొన్న రోజు నుంచి జూలో వదిలిన రోజు వరకు లెక్కేస్తే 107 రోజులు. అంతే. పూ కథ చెప్పేవాళ్లు చాలామంది వాళ్లిద్దరూ ఏళ్ల తరబడి కలిసి ఉన్నట్టు చెప్తారు, అది తప్పు. యుద్ధం అయ్యాక 1919లో విన్నీని కెనడా తీసుకెళ్లాలన్న ఆలోచన మానుకుని జూకే ఇచ్చేశాడు. అప్పటికే లండన్ పిల్లలకు అది ప్రాణమైపోయింది.

ఇక్కడ ఒక గోతి ఉంది. కెనడా దళాలు లండన్ జూకి తెచ్చిన ఎలుగు విన్నీ ఒక్కటే కాదు. అందుకే విన్నీని తెచ్చింది వేరే రెజిమెంటు అని కొంతకాలం చలామణీ అయింది. కోల్‌బోర్న్ కొడుకు తండ్రి డైరీలు చూపించి సరిచేయాల్సి వచ్చింది. పాత ఫోటో దొరికిందని సంబరపడి అంటించేముందు, అది ఏ ఏడాదిది, పక్కన ఉన్నది ఎవరు, ఎలుగు వయసు ఎంత ఉంటుంది అని అడగండి. 1914 చివర్లో విన్నీకి ఏడాది కూడా నిండలేదు. ఆ ఏడాది శిబిరంలో తీసిన ఫోటో అని చెప్పి దానిలో పూర్తిగా ఎదిగిన ఎలుగు కనిపిస్తే, ఆ ఎలుగు విన్నీ కాదు.

జాతి దగ్గర తప్పు పోకండి

విన్నీ అమెరికా నల్ల ఎలుగు. ఉత్తర అమెరికా అడవుల్లో ఉండే జాతి. ఆడ ఎలుగు నడి శీతకాలంలో గుహలోనే ఈనుతుంది, పిల్ల పుట్టినప్పుడు బరువు అర కిలో కూడా ఉండదు. ఆగస్టు నాటికి ఏడెనిమిది నెలల పిల్ల. అంటే తల్లి వెంట తిరిగే వయసే. తల్లి లేకుండా ఆ చలికాలం గడపడం దానికి చాలా కష్టం.

తెలుగు పత్రికల్లో, స్కూలు చార్టుల్లో మళ్లీ మళ్లీ జరిగే పొరపాటు ఏమిటంటే విన్నీ వ్యాసానికి మన ఎలుగుబంటి ఫోటో పెట్టడం. నల్లమలలో, తూర్పు కనుమల్లో తిరిగేది వేరే జాతి. గుర్తుపట్టడం తేలిక. మన ఎలుగుకు జూలు చిందరవందరగా, పొడుగ్గా ఉంటుంది. ఛాతీ మీద తెల్లగా ఇంగ్లీషు వి అక్షరం లాంటి మచ్చ ఉంటుంది. మూతి పాలిపోయి, పెదాలు వేలాడుతూ ఉంటాయి. గోళ్లు బాగా పొడుగు. పై దవడలో ముందరి రెండు పళ్లు ఉండవు, చెదల పుట్ట తవ్వి ఆ సందులోంచి పురుగుల్ని పీల్చేస్తుంది. అమెరికా నల్ల ఎలుగుకు జూలు పొట్టిగా, నున్నగా ఉంటుంది. మూతి గోధుమ రంగు. ఛాతీ మీద మచ్చ మామూలుగా ఉండదు. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి పిల్లల చేత తేడాలు చెప్పించండి. పది నిమిషాల పని, ఆ తర్వాత జన్మలో మర్చిపోరు.

తేనె గురించి కూడా అడుగుతారు. నిజమైన ఎలుగులకు తేనె ఇష్టమే, కానీ తేనెపట్టును చీల్చినప్పుడు లోపలి తెల్లటి పురుగుల్ని కూడా అంతే ఇష్టంగా తింటాయి. జూలో విన్నీకి పెట్టినవాటిలో టిన్ను పాలు, పాకం ఉండేవని చెప్తారు. కాపలాదారులు దాన్ని ఎంత నమ్మారంటే పిల్లల్ని దగ్గరికి పోనిచ్చారు, వీపు మీద కూడా ఎక్కించారు. ఈ మాట చెప్పేటప్పుడు వెంటనే రెండో మాట కూడా చెప్పాలి: ఈ రోజు ఏ జూలోనూ అలా చేయనివ్వరు, చేయకూడదు. మన దేశంలో ఎలుగులను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతోంది. పట్టడం, కొనడం, ఇంట్లో పెంచడం నేరం. అడవి పక్క ఊళ్లలో ఎలుగు దాడిలో దెబ్బతిన్న కుటుంబాల పిల్లలు మీ క్లాసులోనే ఉండొచ్చు. ముద్దుముద్దు మాటలతో సరిపెట్టకండి.

విన్నీ 1934 మే 12న చనిపోయింది. దాని పుర్రె ఇప్పటికీ భద్రంగా ఉంది, లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ వారి హంటీరియన్ మ్యూజియం సేకరణలో. చాలా పళ్లు ఊడిపోయి ఉన్నాయి. చిగుళ్ల జబ్బు ముదిరి పళ్ల చుట్టూ ఎముక అరిగిపోయిందని పరీక్షించినవాళ్లు తేల్చారు. ముసలితనం, మెత్తటి తియ్యటి తిండి రెండూ కారణం కావొచ్చు. ఈ పుర్రె ఫోటో ముందు పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతారు. కథలోని పాత్రకు పళ్ల నొప్పి ఉండేదన్న సంగతి అప్పుడు వాళ్ల మనసుకెక్కుతుంది. చిన్న తరగతులకు మాత్రం ఈ ఫోటో చూపించకుండా, నోటితో చెప్తే చాలు.

రెండో గడి ‘ఒళ్లు’: బొమ్మ

రచయిత కొడుకు క్రిస్టఫర్ రాబిన్ మిల్న్ 1920 ఆగస్టు 21న పుట్టాడు. మరుసటి ఏడాది మొదటి పుట్టినరోజుకు లండన్‌లోని హారడ్స్ దుకాణంలో కొన్న టెడ్డీ వచ్చింది. దాని మొదటి పేరు విన్నీ కాదు, ఎడ్వర్డ్. పిల్లవాడు జూకి వెళ్లి విన్నీని చూసి, దాంతో చెలిమి చేశాక ఆ పేరు బొమ్మకు చేరింది. పేరులోని రెండో ముక్క, పూ, ఒక హంసది. ఈ పేర్ల సంగతులు మిల్నే తన పుస్తకాల ముందుమాటల్లో రాశాడు, కాబట్టి పచ్చ చీటీయే. ఎలుగు ఆడది, పూ మగవాడు. ఈ తికమకను దాచాల్సిన పని లేదు, ఎందుకంటే మొదటి అధ్యాయంలోనే రచయిత ఆ ప్రశ్న లేవనెత్తుతాడు.

పుస్తకాల క్రమం ఇలా వేయండి. 1924లో వచ్చిన కవితల పుస్తకంలో ఎడ్వర్డ్ అనే టెడ్డీ ఉంది. 1925 డిసెంబరు 24న ‘ఈవెనింగ్ న్యూస్’ పత్రికలో పూ పేరుతో మొదటి కథ. 1926 అక్టోబరు 14న కథల పుస్తకం. పులి పిల్ల టిగర్ వచ్చింది 1928 పుస్తకంలోనే. మొదటి పుస్తకంలో ఉన్నట్టు రాస్తే తెలిసినవాళ్లు వెంటనే పట్టుకుంటారు.

అసలు బొమ్మల్లో పూ, పందిపిల్ల పిగ్లెట్, గాడిద ఈయోర్, కంగారూ కంగా, టిగర్ ఈ ఐదూ 1987 నుంచి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి. అమెరికాలో ఉండే తెలుగువాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి చూపించొచ్చు. కంగా పిల్ల రూ బొమ్మ 1930ల్లోనే ఎక్కడో పోయింది. గుడ్లగూబ, కుందేలు మాత్రం బొమ్మలు కావు, మిల్న్ ఊహలోంచి వచ్చినవి. కాబట్టి కథలో ప్రతి జంతువుకూ ఒక అసలు ఉంటుందని ముందే అనుకోకండి. లేనిచోట ‘లేదు’ అని రాసిన చీటీ అంటించడం కూడా పనిలో భాగమే.

మూడు, నాలుగు గడులు

షెపర్డ్ పూని గీసేటప్పుడు క్రిస్టఫర్ బొమ్మను కాకుండా తన కొడుకు గ్రాహమ్ టెడ్డీని నమూనాగా పెట్టుకున్నాడు. దాని పేరు గ్రోలర్. దీన్ని సరిచూడటానికి న్యూయార్క్ బొమ్మ ఫోటోను, పుస్తకంలోని బొమ్మను ఒకే సైజులో ప్రింటు తీసి పక్కన పెట్టండి. న్యూయార్క్ బొమ్మకు ఒళ్లు సన్నం, చేతులు పొడుగు. పుస్తకంలోని పూకి బొజ్జ ఉంది. ఇప్పటి పూ బొమ్మల మీద కనిపించే ఎర్ర చొక్కాను చార్టు మీద ఎక్కడా పెట్టొద్దు. అది 1930ల్లో అమెరికాలో వ్యాపార హక్కులు కొన్నాక వచ్చి, తర్వాత డిస్నీ బొమ్మలతో ప్రపంచమంతా పాకింది. షెపర్డ్ మొదటి పుస్తకాలకు వేసినవి రంగుల్లేని గీతలే.

చోటు సంగతి త్వరగా అయిపోతుంది. మిల్న్ 1925లో తూర్పు ససెక్స్‌లో హార్ట్‌ఫీల్డ్ ఊరి దగ్గర కాచ్‌ఫర్డ్ ఫార్మ్ కొన్నాడు. పక్కనే యాష్‌డౌన్ అడవి. అక్కడ ఐదు వందల ఎకరాల వనం పేరుతో ఉన్నదే కథలో వంద ఎకరాల వనం అయింది. విన్నీ ఆ అడవిని ఎన్నడూ చూడలేదు. కెనడా అడవిని, ఇంగ్లండు అడవిని ఒకటి చేసి రాసిన వ్యాసాలు బోలెడు కనిపిస్తాయి.

తాడు మీద కాలం

చార్టు పూర్తయ్యాక తాడు కట్టండి. రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల తాడు, కట్టడానికి రెండు చివరలా ఇంకో జానెడు. ఏడాదికి 10 సెంటీమీటర్లు. 1914 జనవరి సున్నా. ఈ కొలతల దగ్గర బట్టల క్లిప్పులు పెట్టి కార్డులు తగిలించండి:

ఆరున్నర సెంటీమీటర్ల దగ్గర ఎలుగు కొనుగోలు, తొమ్మిదిన్నర దగ్గర జూ. 66 దగ్గర క్రిస్టఫర్ పుట్టుక, 76 దగ్గర టెడ్డీ. 109 దగ్గర కవితల పుస్తకం, 120 దగ్గర పత్రికలో కథ, 128 దగ్గర పూ పుస్తకం, 148 దగ్గర టిగర్. 204 దగ్గర విన్నీ మరణం.

మొదటి రెండు కార్డులు దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి, వాటి కోసం ఒకే కార్డును నిలువుగా మడిచి వాడండి. తాడు లాగి కట్టకపోతే మధ్యలో జారి కార్డులన్నీ ఒకచోట చేరతాయి, కాబట్టి మీటరు దగ్గర ఒక మేకు కొట్టండి. ఈ తాడు చూడగానే పిల్లలు వాళ్లంతట వాళ్లే రెండు సంగతులు చెప్తారు. టెడ్డీ వచ్చేనాటికి జూలో ఎలుగుకు ఏడేళ్లు నిండాయి. పుస్తకం వచ్చాక కూడా ఎలుగు ఏడేళ్లకు పైగా బతికే ఉంది, కథ చదివిన పిల్లలు వెళ్లి దాన్ని చూడగలిగారు.

క్లాసులో చెప్పే వరస

నలభై నిమిషాల పీరియడ్‌లో మొదటి పన్నెండు నిమిషాలు డైరీ, రైలు, ఓడ. తర్వాత ఎనిమిది నిమిషాలు ఫోటోల మీద జాతి తేడాలు. పదిహేను నిమిషాలు పిల్లలే చీటీలు రాసి రంగు తేల్చుకుని అంటించాలి. మిగిలిన ఐదు నిమిషాలు తాడు. పుస్తకం చదివి వినిపించడం మాత్రం అంతకు ముందు రోజే అయిపోవాలి. పూ ఎవరో తెలియని పిల్లకు విన్నీ కథ చెప్తే అది ఒక జూ కథలాగే మిగిలిపోతుంది. తల్లి ఎలుగు చావు దగ్గర చిన్నపిల్లలు ఆగిపోతారు. తప్పించుకోకుండా, వేటగాడు చంపాడని ఒక్క వాక్యంలో చెప్పి, పిల్లను ఎవరు సాకారన్న దానికి వెళ్లండి.

చీటీల దగ్గర పెద్దపిల్లలు చేసే తప్పు ఒకటుంది. ఒకే సంగతి పది వెబ్‌సైట్లలో కనిపిస్తే పచ్చ చీటీ వేసేస్తారు. ఆ పదీ ఒకదాన్నొకటి చూసి రాసినవే కావొచ్చు. ఎన్ని చోట్ల ఉంది అని కాకుండా, మొదట ఎవరు రాశారు, అప్పుడు వాళ్లు ఎక్కడున్నారు అని అడగమనండి.

పూ అయ్యాక అదే చార్టును పీటర్ కుందేలుకు వాడండి. ఆ కథ రాసి బొమ్మలు వేసిన బియాట్రిక్స్ పాటర్ ఇంట్లో బెంజమిన్, పీటర్ అనే రెండు కుందేళ్లను పెంచింది. 1893 సెప్టెంబరు 4న, తనకు చదువు చెప్పిన ఆమె కొడుకు జబ్బుపడి ఉంటే వాడికి బొమ్మలు గీసి ఉత్తరంలో పంపిన కథే తర్వాత 1902లో వార్న్ సంస్థ ప్రచురించిన పుస్తకమైంది. అక్కడ జంతువు, రూపం ఒకే చేతి నుంచి వచ్చాయి, మధ్యలో బొమ్మ లేదు. కాబట్టి ‘ఒళ్లు’ గడిని కొట్టేసి, దాని చోట ‘ఉత్తరం’ అని రాసుకుంటే సరిపోతుంది.